ఇనుము

మా షెడ్డుకి బోర్డు లేదు.
గజపతినగరం దాటి సాలూరు వైపెళ్లే లారీలకి
కరెంటు స్తంభానికి వేలాడే బోడి టైరే గుర్తు.
టైరు మీద సున్నంతో "తవిటయ్య" అని ఉంటుంది.
ఏటా మొదటి వానకి "య్య" కరిగిపోతుంది,
ఏటా మా మావ మళ్లీ దిద్దుతాడు.

తవుడిచ్చి కొన్న బిడ్డట మా తాతమావ.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
పొరుగింటి గడపలో పడుకోబెట్టి
చేటెడు తవుడు కొలిచి తిరిగి తెచ్చుకున్నారట.
అంత చవగ్గా వచ్చినవాడు గనకనేమో
ఒక్క పాత నట్టునీ పారేయలేదు.
డబ్బాల్లో ఇంకా ఉన్నాయి,
ఏ బండివో ఎవరికీ తెలీనివి.

క్లీనరుగా ఘాటీ ఎక్కి దిగిన రోజుల్లో నేర్చాడట:
స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద,
పిడి చెవి వెనక ఎముక మీద,
వాకిట్లో ఎవరో పిలిచినట్టుందే అని
ఆగిపోయిన మనిషిలా నిలబడేవాడట.
అక్షరం ముక్క రాదు. అడిగినోళ్లకి ఒకటే మాట:
"ఇనుమంటే ఏటనుకున్నావురా? ఇనుమనే.
అది సెప్తాది. నువ్వు ఇను."

ఆ చెవి మావకొచ్చింది.
మా ఆయన దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.
ఓపికుంది, బలముంది, చెవే లేదు.
గరివిడిలో కొలిమి ముందు షిఫ్టుకెళ్తాడు.

నేను పక్కగదిలో జాకెట్లు కుట్టేదాన్ని.
ఆ ఎండాకాలం మామిడికాయల లారీ ఒకటి
రెండు రోజులు విప్పీ బిగించీ
కాయలు పండిపోతున్నాయి, డ్రైవరు ఏడుపు మొహం.
గుడ్డ మీంచి తలెత్తకుండా అనేశాను:
"మావా, ఆరుకోసారి కుట్టు తప్పుతోంది."

స్పానరు చప్పుడాగింది.
ఆరు సిలిండర్లు. ఒకదాని ఇంజెక్టరు.
పొద్దుగూకే లోపు లారీ వెళ్లిపోయింది,
షెడ్డులో పండు వాసన మిగిలింది.
నా మిషను పక్కన నూనెగుడ్డలో చుట్టి
ఆ స్క్రూడ్రైవరు పెట్టి
మావ టీ తాగడానికెళ్లాడు. ఏమీ అనలేదు.
చెక్క పిడి, రెండు చెవులు అరగదీసినది,
చింతగింజలా నున్నగా ఉంది.

"ఒలమ్మా, కోడలు లారీ కింద దూరిందంట!"
అన్నారు. అనుకోనీ.
అత్త మాత్రం చేతులు చూసి,
"ముందు కిరసనాయిలు, ఆనక ఊక,
ఆకర్న కుంకుడు నురగ," అంది,
నలభై ఏళ్లుగా ఆ వాసన పక్కన అన్నం వడ్డించిన మనిషి.

ఇప్పుడు మావకి మాట వినపడదు.
పిలిస్తే పలకడు, పండక్కి డప్పులు మోగినా తిరగడు.
ఎముకకి మాత్రం వినపడుతుంది.

మొన్న బేస్తవారం పైడంనాయుడు
కొత్త కరెంటు ఆటో తోసుకుంటూ తెచ్చాడు.
స్క్రూడ్రైవరు పెట్టాను. ఏమీ లేదు.
ఇంకా అదిమాను.
నా నాడే నాకు వినపడింది, టక టక.
ఇంతకాలం పట్టిన విద్య
నా చేతిలోనే అయిపోయిందా అనుకున్నాను.
"ఇంజను లేదు మావా," చేత్తో సైగ చేశాను.

మావ లేచాడు. పంచె ఎగ్గట్టి
జాకీ ఎత్తమన్నాడు.
ముందు చక్రం చేత్తో తిప్పి
పిడి దవడకానించి కళ్లు మూశాడు.
చక్రం తిరిగి తిరిగి నిలిచిపోయింది.
ఆయన కళ్లు తెరవలేదు.
రెండోసారి తిప్పాడు.

"బేరింగు," అన్నాడు. "ఇసక దూరింది.
చంపావతి ఇసక, సన్నంది."

పైడంనాయుడు తల గోక్కున్నాడు:
"నిన్న ఏట్లోంచి దాటించానండి."

నూటయాభై. ఖాతాలో రాశాను, బాకీ.

రాత్రి వానొచ్చింది.
టైరు మీద "య్య" పోయింది.
మావ నిచ్చెన ఎక్కలేడు ఇక.
సున్నం నానబెట్టాను,
కుంచె ఎక్కడ పెట్టాడో అడగాలి,
ఎలా అడగాలో
ఇంకా తేలలేదు.